ఆహార ఫ్రాంచైజీల్లో పోటీ నిషేధ షరతు

టీ కొట్టు, బిర్యానీ హోటలు, మిఠాయి దుకాణం, ఐస్‌క్రీం పార్లరు, బేకరీ వంటివి ఏదో ఒక రకం తిండినే నమ్ముకుని నడిచే వ్యాపారాలు. అలాంటి వ్యాపారాన్ని మరొకరి పేరుతో, మరొకరి పద్ధతిలో నడుపుకునేందుకు రాసుకునేది ఆహార ఫ్రాంచైజీ ఒప్పందం. పేరిచ్చే కంపెనీ ముందు ఫీజు, తర్వాత అమ్మకాల మీద రాయల్టీ తీసుకుంటుంది. దుకాణం అద్దె, ఫర్నిచరు, పనివాళ్ల జీతాలు, నష్టం వస్తే నష్టం అన్నీ ఫ్రాంచైజీ తీసుకున్నవారివే. ఇలాంటి ఒప్పందాల్లో తరచూ కనిపించేది పోటీ నిషేధ షరతు. ఫ్రాంచైజీ నడుస్తున్నంతకాలం, ముగిశాక కూడా కొంతకాలం, అదే తరహా వ్యాపారం సొంతంగా గానీ ఇంకొకరి చాటున గానీ చేయకూడదన్నది దాని సారాంశం.

భారతదేశంలో ఈ షరతు బలమంతా ఒక తేదీ మీద ఆధారపడి ఉంటుంది. ఒప్పందం అమల్లో ఉన్నన్నాళ్లూ కోర్టులు దాన్ని చాలావరకు నిలబెడతాయి. ముగిసిన మర్నాటి నుంచి సాధారణంగా నిలబెట్టవు. ఈ తేడా తెలియక రెండు రకాలుగా నష్టపోయేవారున్నారు. గడువు తీరాక కూడా భయపడి చేతిలో ఉన్న విద్యను మూలన పెట్టి కూర్చునేవారు కొందరు. ఒప్పందం ఇంకా నడుస్తుండగానే పక్క వీధిలో సొంత బోర్డు కట్టి, ఆపమని కోర్టు ఇచ్చే ఇంజంక్షనును మీదికి తెచ్చుకునేవారు మరికొందరు.

షరతులో ఏముంటుంది

ఫ్రాంచైజీ అగ్రిమెంటు తెలుగు ఊళ్లలోనూ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. సంతకాల రోజున అందరి చూపూ ఫీజెంత, రాయల్టీ ఎంత శాతం, డిపాజిట్టు ఎప్పుడు తిరిగొస్తుంది అన్న పేజీల మీదే ఉంటుంది. పోటీ షరతు మాత్రం గోప్యత, రద్దు, మధ్యవర్తిత్వం లాంటి శీర్షికల నడుమ చివరి పేజీల్లో ఉంటుంది. అక్కడిదాకా చదివే ఓపిక ఆ రోజు ఎవరికీ ఉండదు.

చదవాల్సింది మాత్రం ఆ పేరానే, అదీ మాట మాటా విడదీసి. మొదట, ఎవరిని కట్టేస్తోంది? సంతకం పెట్టినవారినే గాక భార్యాభర్తలను, పిల్లలను, భాగస్వాములను, వారికి వాటా ఉన్న ఏ సంస్థనైనా కలిపే విధంగా రాస్తారు. ‘ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ’ అన్న మాట అందుకే పెడతారు. తర్వాత, ఏ వ్యాపారాన్ని ఆపుతోంది? ‘అదే లేదా అటువంటి వ్యాపారం’ అని ఉంటే చిక్కంతా ‘అటువంటి’ దగ్గరే. ఉదాహరణకు రాజమండ్రిలో ఒకాయన బిర్యానీ ఫ్రాంచైజీ తీసుకున్నారనుకుందాం. ఆయన భార్యకు అంతకుముందు నుంచే అదే పేటలో కర్రీ పాయింటు ఉంది. పప్పు, వేపుడు, సాంబారు పొట్లాలు కట్టి ఇస్తారు, ఆదివారం పూట చికెన్ పులావు కూడా చేస్తారు. షరతులో ‘బిర్యానీ’ అని రాసి ఉంటే ఆ కర్రీ పాయింటుకు ఢోకా లేదు. ‘వండిన ఆహారం అమ్మే ఏ వ్యాపారమైనా’ అని ఉంటే మాత్రం ఫ్రాంచైజీ మొదలైన రోజునే ఆ ఇల్లు షరతు తప్పినట్టు. ఇలాంటి చోట పాత వ్యాపారాన్ని పేరుతో సహా మినహాయింపుగా ఒక్క వాక్యంలో రాయించుకుంటే సరిపోతుంది. ఆ వాక్యం అడగడం కంపెనీ మీద అపనమ్మకమేమీ కాదు. తర్వాత రాగల తగవుకు ముందే వేసే గట్టు అది.

ఇక ఎంత దూరం, ఎంతకాలం అన్నవి. ఇన్ని కిలోమీటర్ల చుట్టూ అని కొందరు రాస్తారు, జిల్లా అని కొందరు. కంపెనీకి ఒక్క దుకాణం కూడా లేని రాష్ట్రాలను కలిపేసి దేశమంతా అని రాసేవారూ ఉన్నారు. తప్పితే కట్టాల్సిన పరిహారం అంకె చివర్లో ఉంటుంది.

రొట్టెల భట్టీ నుంచి 27వ సెక్షను దాకా

పోటీ నిషేధాల న్యాయశాస్త్రానికి పునాది పడింది ఒక రొట్టెల భట్టీ దగ్గరే. లండన్‌లోని హోల్బోర్న్ ప్రాంతంలో సెయింట్ ఆండ్రూ పారిష్‌లో ఒకాయన తన భట్టీని ఐదేళ్లకు మరొకరికి అప్పగించాడు. ఆ ఐదేళ్లూ అదే పారిష్‌లో తాను రొట్టెలు కాల్చనని, కాల్చితే 50 పౌండ్లు కట్టుకుంటానని బాండు రాసిచ్చాడు. మాట తప్పాడు. 1711లో మిచెల్ వర్సెస్ రెనాల్డ్స్ పేరుతో తీర్పిచ్చిన ప్రధాన న్యాయమూర్తి పార్కర్ ఆ బాండు చెల్లుతుందన్నాడు. దేశమంతటికీ వర్తించే నిషేధం చెల్లదని, ఒక చోటికి, ఒక గడువుకు పరిమితమై, తగిన ప్రతిఫలం ఉన్న నిషేధం చెల్లవచ్చని ఆయన గీసిన గీతే తర్వాతి మూడు వందల ఏళ్ల ఇంగ్లిషు తీర్పులకు దారి. భట్టీ అప్పగించినవాడు మళ్లీ ఎదురింట్లోనే పొయ్యి రాజేస్తే తీసుకున్నవాడికి మిగిలేది వట్టి గోడలే కదా అన్నది అందులోని న్యాయం. 1894లో నార్డెన్‌ఫెల్ట్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దీన్ని ఇంకాస్త సడలించింది. వ్యాపారాన్ని బట్టి సబబుగా ఉంటే ప్రపంచమంతటికీ వర్తించే నిషేధం కూడా చెల్లుతుందంది.

భారతదేశం ఈ దారిన నడవలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, చట్టబద్ధమైన వృత్తి, వర్తకం, వ్యాపారం చేయకుండా ఎవరినైనా అడ్డుకునే ప్రతి ఒప్పందమూ ఆ మేరకు చెల్లదు. సబబా కాదా అన్న ప్రశ్నకే అందులో తావు లేదు. ఈ సెక్షనుకు మూలం న్యూయార్క్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిన ముసాయిదా సివిల్ కోడ్. న్యూయార్క్ రాష్ట్రం ఆ కోడ్‌ను ఆమోదించనే లేదు. కాలిఫోర్నియా మాత్రం 1872లోనే తన సివిల్ కోడ్‌లో దాన్ని చేర్చుకుంది. ఒకే విత్తనం ఒకే ఏడు రెండు దూరదేశాల్లో నాటుకుందన్నమాట. నేటికీ పోటీ నిషేధాల విషయంలో భారతదేశమూ కాలిఫోర్నియా దగ్గరదగ్గరగా ఉండటానికి కారణం అదే.

చట్టం వచ్చిన రెండేళ్లకే, 1874లో, మాధవ్ చందర్ కేసులో కలకత్తా హైకోర్టు దీన్ని పరీక్షించింది. కలకత్తాలో ఒకే పేటలో ఇద్దరు వ్యాపారులు. నువ్వు ఈ పేటలో కొట్టు మూసేస్తే నీ పనివాళ్లకు నువ్విచ్చిన బయానా సొమ్ము నేను కట్టేస్తానని ఒకరు రెండోవారికి మాటిచ్చారు. కొట్టు మూశాక డబ్బివ్వలేదు. ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్ కౌచ్ ఆ ఒప్పందమే చెల్లదన్నారు. ఒక్క పేటకు పరిమితమైన పాక్షిక నిషేధం కూడా 27వ సెక్షను కిందికే వస్తుందని తేల్చారు.

ఈ సెక్షనుకు సొంతంగా మిగిలిన మినహాయింపు ఒక్కటే. వ్యాపారపు గుడ్‌విల్‌ను, అంటే దాని పేరును, గిరాకీని అమ్మినవారు, కొన్నవారు ఆ వ్యాపారం చేస్తున్నంతకాలం, సబబైన హద్దుల్లో, పోటీ పెట్టనని ఒప్పుకోవచ్చు. హోల్బోర్న్ భట్టీ లాంటి వ్యవహారానికి మన చట్టంలో చోటు అదే. భాగస్వాముల మధ్య ఒప్పందాలకు 1932 నాటి భాగస్వామ్య చట్టంలో వేరే సెక్షన్లున్నాయి. ఫ్రాంచైజీ ఈ రెంటిలో దేనిలోనూ ఇమడదు. ఫ్రాంచైజీలో గుడ్‌విల్ చేతులు మారదు. కంపెనీ తన పేరును వాడుకోనిస్తుందే గాని అమ్మదు, తీసుకున్నవారు భాగస్వాములూ కారు. కాబట్టి గుడ్‌విల్ మినహాయింపును చూపించి ‘రెండేళ్లు పోటీ పెట్టొద్దు’ అనడం కుదరదు. భారత లా కమిషన్ 1958లో కాంట్రాక్టు చట్టం మీద ఇచ్చిన 13వ నివేదికలో, సబబైన నిషేధాలను అనుమతించేలా ఈ సెక్షనును మార్చమని సూచించింది. పార్లమెంటు మార్చలేదు.

గుజరాత్ బాట్లింగ్ కేసు

ఒప్పందం నడుస్తున్న కాలంలోని నిషేధం సంగతి వేరు. 1967లో గోలికరీ కేసులో, ఉద్యోగ ఒప్పందం ఐదేళ్ల గడువు పూర్తయ్యేదాకా పోటీ సంస్థలో చేరకూడదన్న షరతును సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఫ్రాంచైజీల విషయంలో దారి చూపింది మాత్రం 1995 నాటి గుజరాత్ బాట్లింగ్ కంపెనీ వర్సెస్ కోకా కోలా తీర్పు. అది కూల్‌డ్రింకుల కేసు కావడం ఆహార వ్యాపారులకు మరీ దగ్గరి విషయం.

1977లో దేశం విడిచి వెళ్లిన కోకా కోలా తిరిగొచ్చి 1993లో పార్లే సంస్థ నుంచి థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ లాంటి పేర్లు కొనుక్కుంది. అప్పటిదాకా ఆ డ్రింకులను సీసాల్లో నింపి అమ్ముతున్న స్థానిక బాట్లింగ్ కంపెనీలతో కొత్త ఒప్పందాలు రాసుకుంది. గుజరాత్ బాట్లింగ్ అందులో ఒకటి. ఒప్పందం నడుస్తున్నంతకాలం, ఏడాది నోటీసు గడువుతో సహా, వేరే బ్రాండు డ్రింకులు తయారు చేయకూడదు, నింపకూడదు, అమ్మకూడదని దాని 14వ పేరా. 1995 జనవరిలో గుజరాత్ బాట్లింగ్ వాటాలు పెప్సీ వైపు చేరాయి. కోకా కోలా బొంబాయి హైకోర్టుకు వెళ్లి ఇంజంక్షను తెచ్చుకుంది. 27వ సెక్షను ఉండగా ఈ షరతు ఎలా చెల్లుతుందన్న ప్రశ్నతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

న్యాయమూర్తులు ఎస్.సి.అగ్రవాల్, సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం రెండు మాటలు చెప్పింది. ఫ్రాంచైజీ ఒప్పందం వ్యాపారాన్ని పెంచేందుకు రాసుకునేదే, కాబట్టి ఒప్పుకున్న కాలంలో ఒకే పేరుకు కట్టుబడి ఉండమనడం వ్యాపారానికి అడ్డు కాదు అన్నది మొదటిది. ఒప్పందం ముగిశాక వర్తించే నిషేధానికీ, నడుస్తుండగా వర్తించే నిషేధానికీ తేడా ఉందన్నది రెండోది. 14వ పేరా నోటీసు గడువు దాటి వెళ్లడం లేదు కాబట్టి అది చెల్లింది. అనుమతి లేకుండా వాటాలు బదలాయించి, ఆ తర్వాత న్యాయం చేయమని రావడాన్నీ కోర్టు గుజరాత్ బాట్లింగ్‌కు వ్యతిరేకంగానే చూసింది. ఇంజంక్షనులు న్యాయబుద్ధితో ఇచ్చేవి గనక, అడిగేవారి నడత కూడా లెక్కలోకి వస్తుంది.

చిన్న ఫ్రాంచైజీ తీసుకున్నవారికి ఈ తీర్పులో గుర్తుండాల్సింది నోటీసు గడువు గురించి చెప్పిన మాట. నోటీసిచ్చేశాం కదా, ఇక మన దారి మనదే అనుకోవడం పొరపాటు. ఆ గడువు చివరి రోజు దాకా ఒప్పందం బతికే ఉంటుంది, పోటీ నిషేధమూ బతికే ఉంటుంది.

ఒప్పందం ముగిశాక వర్తించే నిషేధాల మీద సుప్రీంకోర్టు మాట మొదటి నుంచీ ఒక్కటే. 1980లో క్రిషన్ ముర్గాయ్ కేసులో ఉద్యోగం పోయాక రెండేళ్లు పోటీ పనిలో ఉండొద్దన్న షరతును నిలబెట్టలేదు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో, పాత ఏజెన్సీకి ఒప్పందం ముగిశాక కూడా మొదటి అవకాశం ఇవ్వాలన్న నిబంధన ముందుకు వచ్చింది. అది కూడా 27వ సెక్షను కిందే చెల్లకుండా పోయింది. ఈ రెండు కేసుల్లో ఏదీ తిండి వ్యాపారానిది కాదు, అయినా మిఠాయి ఫ్రాంచైజీ తగవుల్లో వాదించేది వీటితోనే.

భారతదేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఒక చట్టం మాత్రం కొన్నాళ్లు ఫ్రాంచైజీని నిర్వచించింది, అది సర్వీస్ ట్యాక్స్ చట్టం. 2003లో పెట్టిన ఆ నిర్వచనంలో ఫ్రాంచైజీకి ఉండాల్సిన నాలుగు లక్షణాల్లో ఒకటి, మరొకరి పేరుతో ఉన్న అదే తరహా సరుకు, సేవ అమ్మకూడదన్న బాధ్యత. అంటే పోటీ నిషేధం లేనిదే అది ఫ్రాంచైజీయే కాదన్నట్టు పన్ను చట్టం భావించింది. ఆ షరతు లేకుండా ఒప్పందం రాసుకుంటే పన్ను తప్పించుకోవచ్చు గనక కాబోలు, 2005లో నిర్వచనాన్ని కుదించి దాన్ని తీసేశారు.

వంట ఎవరిది?

పోటీ నిషేధాన్ని సమర్థించే కంపెనీల వాదనల్లో ముఖ్యమైనది రహస్యం. మా పాకం కొలతలు, మా మసాలా పాళ్లు నేర్చుకుని, బోర్డు మార్చి అదే అమ్ముతారన్నది వారి భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఏళ్ల తరబడి కట్టుకున్న పేరును ఆరు నెలల్లో ఎవరో ఎత్తుకుపోతే కష్టపడ్డవారి కడుపు మండుతుంది. అయితే తిండి విషయంలో రహస్యం ఎక్కడుంది, ఎవరిది అని తరచి చూడాలి.

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూసినవారికి ఈ ప్రశ్న తేలిగ్గా అర్థమవుతుంది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటిపోయేలోపే వెనక రేకు ఆరిపోయి ఉంటుంది. పిండి పల్చన ఎంత, మంట ఎంత అన్నది చెప్పొచ్చు. గుడ్డ లాగే వేగం మాత్రం చెబితే వచ్చేది కాదు, ఏళ్ల తరబడి లాగితే చేతికి వచ్చేది. అలాంటి చేతిని ఏ కంపెనీ ఎంత శిక్షణ ఇచ్చినా తన ఆస్తి అనలేదు. మనిషి చేతికి అబ్బిన నేర్పు వేరు, కంపెనీ దాచుకున్న సమాచారం వేరు అని ఇంగ్లండులో 1916 నాటి హెర్బర్ట్ మోరిస్ కేసు నుంచి న్యాయస్థానాలు చెబుతూనే ఉన్నాయి. మొదటిదానికి ఎవరూ తాళం వేయలేరు.

బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్రాంచైజీ కోణంలో దీనికి పెద్ద ప్రాముఖ్యమే ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 24వ సెక్షను ప్రకారం ఆ గుర్తింపు మీది హక్కును అమ్మడం, లైసెన్సుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం కుదరదు. కాబట్టి ఒక మిఠాయి సంస్థ తన దుకాణం పేరును ఫ్రాంచైజీకి ఇవ్వగలదు గాని, ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న పేరును ఇవ్వలేదు. అది ఆ ఊరి తయారీదారులందరిదీ.

మరి నిజంగా దాచుకోదగ్గ రహస్యం ఎలా ఉంటుంది? అమెరికాలో బఫేస్ వర్సెస్ క్లింకీ కేసులో 1996లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దీన్ని పరిశీలించింది. ఒక బఫే హోటళ్ల సంస్థ తన వంట విధానాలు దొంగతనానికి గురయ్యాయంది. బార్బెక్యూ కోడి, మాకరోనీ చీజ్ లాంటి అందరికీ తెలిసిన వంటల విధానాలు వ్యాపార రహస్యం కావని కోర్టు తేల్చింది. దీనికి పూర్తి భిన్నం కెంటకీ ఫ్రైడ్ చికెన్ పద్ధతి. దాని మసాలాను రెండు వేర్వేరు సంస్థలు చెరి కొంత తయారు చేస్తాయని, పూర్తి పాళ్లు ఆ రెంటికీ తెలియవని 1985 నాటి ఒక అమెరికా కోర్టు తీర్పులో నమోదైంది.

మన బిర్యానీ, టీ ఫ్రాంచైజీలు చాలావరకు పట్టుకున్నది ఈ రెండో దారినే. సెంట్రల్ కిచెన్ నుంచి ప్రీమిక్స్ పొట్లం వస్తుంది. కౌంటరు దగ్గర వంటవాడు చేయాల్సింది పొట్లం కత్తిరించి, చెప్పిన కొలతకు పాలో నీళ్లో పోసి, చెప్పినన్ని నిమిషాలు మరిగించడం. యాలకులు ఎన్ని, లవంగం ఎంత, అల్లం పొడి ఏ పాళ్లలో అన్నది మూడేళ్లు రోజూ ఆ టీ కాచినా తెలియదు. రహస్యాన్ని ఇంత భద్రంగా పొట్లంలో దాచుకున్న కంపెనీ, అదే రహస్యం పేరు చెప్పి తీసుకున్నవారిని రెండేళ్లు పొయ్యి వెలిగించవద్దనడం సమంజసంగా కనిపించదు.

వ్యాపార రహస్యాలకు భారతదేశంలో ప్రత్యేక చట్టం లేదు. నమ్మి చెప్పిన రహస్యాన్ని దుర్వినియోగం చేయకూడదన్న న్యాయసూత్రం, ఒప్పందంలోని గోప్యతా షరతు, వీటితోనే నడుస్తోంది. 2024 మార్చిలో లా కమిషన్ 289వ నివేదికలో ప్రత్యేక చట్టం కావాలని సూచించింది. గోప్యతా షరతు ఒప్పందం ముగిశాక కూడా నిలుస్తుంది. దాన్ని పోటీ నిషేధంతో కలిపి చూడకూడదు. పాళ్లు రాసిన కాగితం ఎత్తుకెళ్లడం తప్పు. అదే బజారులో మళ్లీ టీ కాయడం తప్పు కాదు.

నిషేధం అనకుండానే నిషేధించే షరతులు

27వ సెక్షను సంగతి బాగా తెలిసిన కంపెనీలు పోటీ నిషేధం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవు. ఆ పని చేసే వేరే షరతులు రాస్తాయి. అన్నింటికంటే బలమైనది దుకాణపు లీజు. లీజు కంపెనీ పేరున ఉన్నా, ఒప్పందం ముగిస్తే లీజు కంపెనీకి బదిలీ కావాలని గది యజమానితో ముందే రాయించుకున్నా, తీసుకున్నవారికి పోటీ పెట్టే హక్కు ఉంటుంది గాని పెట్టేందుకు చోటు ఉండదు. తిండి వ్యాపారంలో చోటే సగం వ్యాపారం. బస్టాండు మలుపులోనో కాలేజీ ఎదుటో కుదిరిన గది పోతే, అలవాటు పడ్డ గిరాకీ కొత్త చోటుకు వెంట రాదు.

తర్వాతిది ఆనవాళ్లు తీసేయడం. ఒప్పందం ముగిశాక బోర్డు, రంగులు, మెనూ కార్డు, కప్పుల మీది ముద్ర, యూనిఫాం అన్నీ తొలగించాలి. ఇది న్యాయమైన షరతే. పేరు కంపెనీది, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద దానికి రక్షణ ఉంది. పాత పేరునే కాస్త మార్చి, అవే రంగులతో మర్నాడు తెరిస్తే కోర్టు ఊరుకోదు. పోటీ నిషేధం చెల్లకపోయినా ఈ కారణంతో ఓడిపోయే అవకాశం ఎక్కువ. ఫోను నంబరు, స్విగ్గీ, జొమాటోల్లో దుకాణం పేజీ, దాని కింద పోగైన రేటింగులు ఎవరికి చెందుతాయన్నది ఈ రోజుల్లో బోర్డుకంటే పెద్ద ప్రశ్న. ఆహార భద్రతా లైసెన్సు ఎవరి పేరున తీశారో కూడా సంతకానికి ముందే చూసుకోవాలి.

డబ్బు షరతులు మూడో రకం. పోటీ పెడితే డిపాజిట్టు జప్తు, ఇన్ని లక్షలు పరిహారం అని రాస్తారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇచ్చేది సబబైన పరిహారం. పైగా మూల షరతే 27వ సెక్షను కింద చెల్లనిదైతే దాన్ని తప్పినందుకు పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు. అయినా డిపాజిట్టు కంపెనీ చేతిలో ఉంటుంది. దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి వేరే నగరంలో మధ్యవర్తి ముందు ఖర్చు పెట్టుకుని నిలబడాల్సింది తీసుకున్నవారే. చెల్లని షరతు కూడా ఆచరణలో పనిచేసేది ఇలాగే. నా దృష్టిలో ఈ రంగంలో అసలైన అన్యాయం ఇక్కడే ఉంది. చట్టం తమ పక్షాన ఉన్నా, ఊళ్లో పొలం అమ్మి పెట్టుబడి పెట్టిన కుటుంబానికి ఆ సంగతి చెప్పేవారుండరు.

ఇతర దేశాల్లో

న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో తెలుగువారు నడుపుతున్న బిర్యానీ, దోసె హోటళ్లలో ఫ్రాంచైజీలూ ఉన్నాయి. అక్కడ ఒకే కంపెనీ, ఒకే కాగితం అయినా రాష్ట్రం మారితే ఫలితం మారుతుంది. టెక్సాస్ చట్టం కాలం, దూరం, పని పరిధి సబబుగా ఉంటే నిషేధాన్ని నిలబెడుతుంది. మితిమీరితే కోర్టే దాన్ని సబబైన మేరకు సవరిస్తుంది. కాలిఫోర్నియాలో 1872 నాటి నియమమే ఇప్పుడు 16600వ సెక్షనుగా ఉంది, ముగిశాక వర్తించే నిషేధాలను అది సాధారణంగా ఒప్పుకోదు. రెండు వ్యాపార సంస్థల మధ్య ఒప్పందం నడుస్తుండగా ఉండే నిషేధాలను మాత్రం సబబును బట్టి చూడాలని 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇక్సెల్ కేసులో చెప్పింది. గుజరాత్ బాట్లింగ్ తీర్పు చదివినవారికి ఇది పరిచయమైన మాటే.

2024 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఉద్యోగుల పోటీ నిషేధాలను దేశవ్యాప్తంగా రద్దు చేస్తూ నియమం తెచ్చింది. ఫ్రాంచైజీ తీసుకున్నవారిని అందులోంచి మినహాయించింది. వారి దగ్గర పనిచేసేవారిని మాత్రం కలుపుకుంది. అమల్లోకి రాకముందే ఆగస్టులో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, 2025 సెప్టెంబరులో కమిషనే అప్పీలు వదులుకుంది. పనివారి మాట ఎందుకొచ్చిందంటే జిమ్మీ జాన్స్ అనే శాండ్‌విచ్ సంస్థ ఉదంతం ఉంది. శాండ్‌విచ్ కట్టి ఇచ్చే పిల్లల చేత కూడా, మానేశాక రెండేళ్లు, ఆ సంస్థ ఏ దుకాణానికైనా మూడు మైళ్ల లోపల శాండ్‌విచ్‌ల మీద పది శాతానికి మించి ఆదాయం వచ్చే ఏ కొట్టులోనూ పనిచేయబోమని రాయించుకున్నారు. న్యూయార్క్, ఇల్లినాయ్ అటార్నీ జనరళ్లు పట్టుకున్నాక 2016లో ఆ పద్ధతి వదులుకుంది. రొట్టె మధ్య కూర పెట్టడంలో దాచుకోవాల్సిన రహస్యం ఏముందో ఆ సంస్థ ఎవరినీ ఒప్పించలేకపోయింది.

ఐరోపా సమాఖ్య 1986 నాటి ప్రోనుప్షియా తీర్పు నుంచి ఫ్రాంచైజీ నిషేధాలను కొంత ఉదారంగా చూస్తోంది. అది పెళ్లి దుస్తుల దుకాణాల కేసు. 2022లో వచ్చిన నియంత్రణ ప్రకారం ఒప్పందం ముగిశాక నిషేధం ఏడాదికి మించకూడదు. వ్యాపారం నడిచిన ఆ దుకాణానికే పరిమితం కావాలి, రహస్య పరిజ్ఞానాన్ని కాపాడేందుకు తప్పనిసరి అయి ఉండాలి. ఊరంతటికీ కాకుండా ఆ ఒక్క గదికే అన్న హద్దు గట్టిది, తేలిగ్గా పరీక్షించగలిగేది. ఇంగ్లండులో హోల్బోర్న్ నాటి సబబు పరీక్షే ఇంకా నడుస్తోంది. 2022లో డ్వయర్ కేసులో అప్పీళ్ల కోర్టు, మురుగునీటి పైపుల మరమ్మతు ఫ్రాంచైజీ తీసుకున్న ఒక చిన్న వ్యాపారి మీది ఏడాది నిషేధాన్ని కూడా సబబు కాదంది. ఇరుపక్షాల బేరమాడే శక్తిలో ఉన్న తేడాను లెక్కలోకి తీసుకుంది.

ఎదుటి దిశలో పోటీ

ఇంతవరకు చెప్పుకున్నదంతా తీసుకున్నవారు కంపెనీకి పోటీ పెట్టకూడదన్న నిషేధం. కంపెనీయే తీసుకున్నవారికి పోటీ పెడితే? రెండు వీధుల అవతల మరో ఫ్రాంచైజీ ఇస్తే? అదే పేరుతో డెలివరీ కోసమే వండే క్లౌడ్ కిచెన్ తెరిచి యాప్‌లో తక్కువ ధరకు అమ్మితే? ఒప్పందంలో ప్రత్యేక ప్రాంతం అని రాసి ఉంటేనే అడిగే హక్కు. ఆ ప్రాంతంలో డెలివరీ ఆర్డర్లు కూడా ఉన్నాయా అన్నది విడిగా రాసి ఉంటేనే ఆ హక్కుకు విలువ. ఒకే ఊళ్లో ఒకే మసాలా పొట్లం రెండు కౌంటర్లలో తెరుచుకుంటే రెండూ చితికిపోతాయి, రాయల్టీ మాత్రం రెండు చోట్లా వసూలవుతుంది.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవారు సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఒక వివరాల పత్రం చేతికివ్వాలి. అందులో 12వ అంశం కింద ప్రాంతం హామీ ఉందో లేదో, లేకపోతే ఇతర ఫ్రాంచైజీల నుంచి, కంపెనీ సొంత దుకాణాల నుంచి పోటీ రావచ్చని స్పష్టంగా రాయాలి. 17వ అంశంలో ఒప్పందం నడుస్తుండగా పోటీ నిషేధం ఒక వరుసలో, ముగిశాక నిషేధం మరో వరుసలో పట్టిక వేసి చూపించాలి. భారతదేశంలో అలాంటి పత్రం ఇవ్వాలన్న చట్టం లేదు. ఇక్కడ ఆ రెండు వరుసలూ, ఆ ప్రాంతం హద్దూ అడిగి రాయించుకోవాల్సింది తీసుకునేవారే, అదీ అడ్వాన్సు చెక్కు ఇవ్వకముందే.